జీతం, కారు, కార్డు బాకీ: అన్నిటినీ రూపాయి వడ్డీ లెక్కలోకి మార్చి చూసుకోవడం ఎలా

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ మా నాన్న కంట పడింది. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ అంకెలు మాత్రం బాగా వచ్చు. "నెలకి మూడున్నర అని ఉందేంట్రా? నూటికి మూడున్నర రూపాయలా? ఎవడ్రా ఆ షావుకారు?" అన్నారు. బ్యాంకు నాన్నా అని చెప్తే నమ్మలేదు. మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ని జలగ అని చాటుగా తిట్టుకునేవాళ్లు, అలాంటి వాడి దగ్గరికి వెళ్లాల్సి వస్తే తలవంచుకుని వెళ్లేవాళ్లు. నేనేమో అంతకంటే ఎక్కువ వడ్డీకి, ఏసీలో కూర్చుని, హెడ్‌ఫోన్స్ కొన్నాను.

ఆ రోజు నుంచి నేను చేస్తున్నది ఒకటే పని. ఎవరు ఏ శాతం చెప్పినా దాన్ని మన లెక్కలోకి మార్చుకుంటాను. ఏడాది వడ్డీ శాతాన్ని 12తో భాగిస్తే నెలకి నూటికి ఎన్ని రూపాయలో వచ్చేస్తుంది. 12 శాతం అంటే రూపాయి వడ్డీ, 24 అంటే రెండు రూపాయలు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకి పెట్టిన పావలా వడ్డీ పథకం గుర్తుందా, అది ఏడాదికి 3 శాతం, పేరులోనే లెక్క ఉంది. ఇంటి లోను 8.4 శాతమైతే డెబ్భై పైసలు. బంగారం లోను 9 నుంచి 12 మధ్యలో దొరికితే ముప్పావలా నుంచి రూపాయి. పర్సనల్ లోను 14 శాతమైతే రూపాయీ పదిహేడు పైసలు. క్రెడిట్ కార్డు మూడున్నర, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు కాబట్టి అసలు లెక్క నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ముందు తీర్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు ఒక కాగితం తీసుకోండి. యాప్ వద్దు, ఎక్సెల్ వద్దు, ఆ పేరుతో ఇంకో రెండు నెలలు వాయిదా పడుతుంది. ఉన్న అప్పులన్నీ రాయండి: ఎవరికి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎన్ని రూపాయలు, ఇంకా ఎన్ని నెలలు. బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు కూడా రాయాలి, దానికి వడ్డీ లేకపోయినా పండక్కి వెళ్లినప్పుడు మొహం చాటేయాల్సి వస్తుంది కదా, అది కూడా ఖర్చే. నేను రాసిన రోజు మొత్తం తొమ్మిది బాకీలు తేలాయి, అందులో రెండు నాకే గుర్తు లేవు.

కార్డు సంగతి ముందు తేల్చండి

కార్డు బిల్లులో రెండు అంకెలు ఉంటాయి: మొత్తం బాకీ, మినిమమ్ డ్యూ. మినిమమ్ కడితే సరిపోతుందని నేను దాదాపు ఏడాది పాటు అనుకున్నాను. సరిపోయేది ఒక్కటే, లేట్ ఫీజు పడదు. వడ్డీ మాత్రం పడుతుంది, పైగా పూర్తి బిల్లు కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు పోతాయి, అంటే ఈరోజు పాలప్యాకెట్ గీకినా ఈరోజు నుంచే మీటరు తిరుగుతుంది.

లక్ష బాకీ అనుకుందాం. నెలకి వడ్డీ 3,500, దాని మీద జీఎస్టీ 630, మొత్తం 4,130. మినిమమ్ డ్యూ చాలా కార్డులకి 5 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి 5,200 దాకా కడతారు. అసలులో తగ్గింది ఎంత? వెయ్యి రూపాయల పైన కాస్త. అయిదు వేలు చేతి నుంచి వెళ్లాయి, లక్ష అప్పు 99 వేలకి దిగింది. అదే లక్షని 14 శాతం పర్సనల్ లోనుగా మార్చి రెండేళ్లకి పెట్టుకుంటే నెలకి 4,801 ఈఎంఐ. చూశారా, మినిమమ్ డ్యూ కంటే తక్కువే కడుతున్నాం, ఇరవై నాలుగు నెలల్లో బాకీ సున్నా. ఈ ఒక్క లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక స్కూటీ డబ్బులు మిగిలేవి.

కాబట్టి ఎక్కువ రూపాయల వడ్డీని తక్కువ రూపాయల వడ్డీతో తీర్చేయాలి. ఇంట్లో బంగారం ఉంటే ఇంకా చవక, కానీ బంగారం ఎవరిదో వాళ్లని కూర్చోబెట్టి, ఎప్పటికల్లా విడిపిస్తారో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకెళ్లండి. గడువు దాటితే వేలం నోటీసు వస్తుంది, అప్పుడు ఇంట్లో పడే మాటల వడ్డీకి లెక్క లేదు. చిట్టీ నడుస్తుంటే పాడి ఎత్తి కార్డుకి కట్టడం కూడా ఒక దారే, అయితే పాటలో ఎంత పోగొట్టుకుంటున్నారో చూసుకోండి. అది రిజిస్టరైన చిట్టీ అయితేనే నేను ఈ మాట చెప్తాను, పక్కింటి ఆంటీ నోటి మాట మీద నడిపే చిట్టీ గురించి కాదు.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. లోను తెచ్చి కార్డు ఖాళీ చేస్తారు, ఆ ఖాళీ లిమిట్ చూసి మళ్లీ గీకుతారు, ఆరు నెలల తర్వాత లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా ఉంటుంది. నాకు తెలిసిన ముగ్గురిలో ఇద్దరికి ఇదే జరిగింది. కార్డు కట్టేసిన రోజే యాప్‌లోకి వెళ్లి లిమిట్ పది వేలకో పదిహేను వేలకో తగ్గించుకోండి, ఆన్‌లైన్ లావాదేవీలు ఆఫ్ చేసేయండి.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 24,000 ఫోను, ఆరు నెలలు, నెలకి 4,000 అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. వెనకాల జరిగేది ఏంటంటే బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకి అమ్మేవాడు ముందే డిస్కౌంట్ ఇస్తాడు. కానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజు మీదే. 15 శాతం లెక్కన వడ్డీ వెయ్యి దాకా, దాని మీద జీఎస్టీ 180 పైన, ఫీజు 199 ఉంటే దాని జీఎస్టీతో కలిపి 235, మొత్తం 420 దగ్గర. పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కొనే ముందు ఒకసారి పూర్తి డబ్బు ఒకేసారి కడితే ధర ఎంతని అడగండి, తేడా ఉంటే అదే అసలు వడ్డీ.

లోన్ యాప్‌ల గురించి ఒక్క లెక్క చాలు. పది వేలు ఇస్తామని 1,500 ఫీజు ముందే కోసుకుని 8,500 చేతిలో పెట్టి, నెల తిరిగేసరికి పది వేలు కట్టమన్నారనుకోండి. 8,500కి 1,500 అంటే నూటికి పదిహేడు రూపాయల అరవై అయిదు పైసల వడ్డీ. మా నాన్నకి ఇది ఇంకా చెప్పలేదు.

జీతం చిన్నదిగా ఎందుకు వస్తుంది

అప్పుల గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి అందరూ వచ్చేది ఇక్కడికే: "జీతం సరిపోవట్లేదు బ్రో." నిజమే, చాలామందికి సరిపోవట్లేదు, అందరూ దుబారా చేసి అప్పులపాలు కాలేదు. కానీ కొంత మోసం సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, అనే మాటలోనే ఉంది. ఆరు లక్షల ప్యాకేజీ అనగానే మనం నెలకి యాభై వేలు అని లెక్కేసుకుని ఈఎంఐలు ఒప్పేసుకుంటాం. బేసిక్ 25 వేలు అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 3,000 ఆ యాభై వేలలోదే, గ్రాట్యుటీ పేరుతో 1,200 అందులోదే, వేరియబుల్ పది శాతం అంటే నెలకి 5,000, అది ఏడాది చివర ఇస్తే ఇచ్చినట్టు, ఇన్సూరెన్స్ ఇంకో 500. ఆపైన మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 37 వేలు. యాభై అని మొదలుపెట్టి ముప్పై ఏడు దగ్గర తేలింది, పదమూడు వేల తేడా, ఆ తేడాలోనే కదా క్రెడిట్ కార్డు దూరేది.

ఆఫర్ లెటర్ చేతికి రాగానే హెచ్‌ఆర్‌ని ఒకే ప్రశ్న అడగండి: "మొదటి నెల నా బ్యాంకులో పడేది ఎంత?" అంకె మెయిల్లో పెట్టమనండి. మొహమాటపడకండి, రోజూ వాళ్లని అందరూ అడిగేదే. వేరియబుల్ అయితే పోయిన ఏడాది ఎంత శాతం ఇచ్చారో అడగండి. పీఎఫ్ జీతంలో కోస్తున్నారు సరే, నిజంగా జమ అవుతోందా లేదా అన్నది మూడు నెలలకోసారి పాస్‌బుక్‌లో చూసుకోండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చిన్న కంపెనీ నాలుగు నెలలు కోసి జమ చేయలేదు, నేను చూడకపోతే వాళ్లకీ గుర్తు ఉండేది కాదేమో.

జీతం ఆలస్యమైతే దాని ఖరీదు కూడా మన మీదే పడుతుంది, ఈఎంఐ అయిదో తారీకు, జీతం పదో తారీకు, మధ్యలో చెక్ బౌన్స్ చార్జీలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తారీకు లోపు ఇవ్వాలి, ఉద్యోగం మానేసినా తీసేసినా బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. చట్టంలో ఉన్నంత మాత్రాన ఇచ్చేస్తారని నేను అనను. కానీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు ఆ తారీకు రాస్తే జవాబులో గొంతు మారుతుంది. ఈలోగా బ్యాంకుకి ఫోన్ చేసి ఈఎంఐ తేదీ మార్చమని అడగండి, కొందరు మారుస్తారు.

ఇక కారు

కారు కొనొద్దని చెప్పే రకం కాదు నేను, నాకూ ఉంది. కానీ కొన్న పద్ధతి తప్పు. సెకండ్ హ్యాండ్ కారు, 5 లక్షల లోను, డీలరు దగ్గరే. "ఎనిమిది శాతమే సార్" అన్నాడు. ఎనిమిది అంటే అరవై ఏడు పైసలు, ఇంటి లోను కంటే చవక అని సంబరపడ్డాను. అది ఫ్లాట్ రేటు. అంటే మన బారువడ్డీ, కానీ తీరిపోయిన అసలుకి కూడా చివరిదాకా వడ్డీ వేసే బారువడ్డీ. 5 లక్షలకి ఏడాదికి 40 వేలు, అయిదేళ్లకి 2 లక్షలు, మొత్తం ఏడు లక్షలని అరవైతో భాగిస్తే 11,667 ఈఎంఐ. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది 14 శాతం పైనే, రూపాయీ పద్దెనిమిది పైసలు. అదే 11 శాతానికి బ్యాంకులో తీసుకుని ఉంటే ఈఎంఐ 10,871. నెలకి ఎనిమిది వందల తేడా, అయిదేళ్లకి 47 వేల పైచిలుకు, అంటే మూడు సెట్ల టైర్లు.

మీరు ఇలా పడకుండా ఉండాలంటే సంతకం పెట్టే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా రిటైల్ లోన్లకి ఆ కాగితం ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫీజులతో కలిపి నిజమైన ఏడాది ఖర్చు అది. దాన్ని 12తో భాగించండి. "ఫ్లాట్ ఎంత" అని అడగడం మానేసి "ఏపీఆర్ ఎంత" అని అడగండి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఈఎంఐ ఒక్కటే కారు ఖర్చు కాదని అందరికీ తెలుసు, కానీ కూడి చూసేది ఎవరు? నేను కూడి చూశాను. ఈఎంఐ 11,667. నెలకి వెయ్యి కిలోమీటర్లు, సిటీలో లీటరుకి 15 వస్తే 67 లీటర్లు, లీటరు 107 అనుకుంటే 7,100 పైన. ఇన్సూరెన్స్ నెలకి వెయ్యి పడుతుంది. సర్వీసు, టైర్ల కోసం పక్కన పెట్టాల్సింది 1,500. పార్కింగు, కడిగేవాడు, చిల్లర చలాన్లు ఏడెనిమిది వందలు. మొత్తం 22 వేలు. చేతికొచ్చేది 37 వేలు ఉన్నవాడికి ఇది కారు కాదు, అద్దె కట్టని కిరాయిదారు. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లేవాళ్లు మెట్రోలో రానూపోనూ 140 లోపే వెళ్లొస్తారు, అదే దారిలో కారు తీస్తే ట్రాఫిక్‌లో నాలుగు లీటర్లు పోతాయి, 430. నేను ఇప్పుడు కారు వారానికి రెండు రోజులే తీస్తున్నాను. మెట్రోలో నిలబడటం బాగుంటుందని అబద్ధం చెప్పను.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు మాత్రం ఓపిగ్గా చూడండి, ఇక్కడ ఒక గంట పెడితే ఏడాది టెన్షన్ తగ్గుతుంది. పొద్దున్నే వెళ్లండి, ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజిన్ మొదటి స్టార్టులోనే తన జబ్బు చెప్పేస్తుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం తయారైనది. కారు 2021 మోడల్, 25 వేల కిలోమీటర్లే తిరిగిందంటారు, టైర్లు చూస్తే నాలుగూ 2024వి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంది, అలాంటప్పుడు మీటరు మాట నమ్మకండి.

నీళ్లలో మునిగిన బండి అసలు పెద్ద ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, రెండుసార్లూ చాలా కార్లు మునిగాయి, అవన్నీ తుక్కులోకి పోయాయని అనుకోకండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద మరక కనిపిస్తుంది. సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో మట్టి చూడండి, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోండి. సెంటు కొట్టి ఉంటే మరీ అనుమానించండి.

కాగితాల్లో ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉందా లేదా ప్రభుత్వ వెబ్‌సైట్ వాహన్‌లో చూడండి. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదనే పత్రం), ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించే ఫారం 35 లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. చలాన్లు కట్టించుకోండి. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్నాక "తర్వాత మార్పించుకుందాంలే" అని బీరువాలో పెట్టకండి, వెంటనే మార్పించుకోండి. అమ్మేవాళ్లకి కూడా ఇదే చెప్తాను, బండి మీ పేరు మీద ఉన్నన్నాళ్లూ అది గుద్దినా మీ ఇంటికే వస్తారు.

ఇన్సూరెన్స్‌లో గీతలకి క్లెయిమ్ చేసే అలవాటు మానుకోండి. 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉండి, సొంత డ్యామేజీ ప్రీమియం పది వేలనుకుంటే మీకు 3,500 తగ్గుతోంది. 3,000 బంపర్ గీతకి క్లెయిమ్ చేస్తే మొదటి వెయ్యి మీరే పెట్టుకోవాలి, వచ్చేది రెండు వేలు, పోయేది మొత్తం బోనస్, మళ్లీ సున్నా నుంచి. ఆ బోనస్ మీది, కారుది కాదు, కారు అమ్మేటప్పుడు సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకి వాడుకోవచ్చు. చాలామంది అలాగే వదిలేస్తారు.

సర్వీసు సెంటర్లో ఇంజిన్ డీకార్బనైజేషన్, ఏసీ శానిటైజేషన్, అండర్‌బాడీ కోటింగ్ అని చదువుకుంటూ పోతారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ కిలోమీటర్లకి ఏం చేయమని ఉందో అంతే చేయమనండి. పెట్రోల్ బంకులో 500కి బదులు 510 కొట్టిస్తే మోసం ఉండదన్నది నేను నమ్మను. అనుమానం ఉంటే అయిదు లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది, అడగండి. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూసుకుంటే మైలేజీకి అంతకంటే చవకైన మందు లేదు.

తరచూ హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు ఫాస్టాగ్ ఏడాది పాస్ చూడండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకి పెట్టారు, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర ఒక్కోటీ ఒక్కో ట్రిప్పు కింద పోతుంది. జాతీయ రహదారులకే పనిచేస్తుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మామూలుగా కోసుకుంటారు. ఏడాదికి రెండు పండగలకే ఊరెళ్లేవాళ్లకి ఇది దండగ.

ఫోన్లు మొదలైతే

రెండు నెలలు ఈఎంఐ తప్పితే ఫోన్లు వస్తాయి. ఎత్తకుండా దాక్కోకండి, ఎత్తి "ఫలానా తారీకుకి ఇంత కడతాను" అని చెప్పి అదే మాట మెయిల్లో పెట్టండి. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, మీ అన్నయ్యకో ఆఫీసులో పక్క సీటు వాడికో ఫోన్ చేసి పరువు తీయడం కూడా తప్పే. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఫీజు లేదు. నేను ఒకసారి పెట్టాను, బ్యాంకు నుంచి మర్యాదగా ఫోన్ వచ్చింది, అంతకుముందు మూడు నెలలు వినిపించని మర్యాద.

"సగం కట్టండి, సెటిల్ చేసేద్దాం" అనే మాటకి తొందరపడకండి. క్రెడిట్ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, క్లోజ్డ్ అని కాదు, రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట అడ్డం తిరుగుతుంది. నిజంగా చేతులెత్తేసే పరిస్థితి అయితే వేరే సంగతి, అప్పుడు కూడా లెటర్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

అప్పు తీరాక కార్డు వద్దనుకుంటే మూసేయమని రాతలో అడగండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే రోజుకి 500 చొప్పున మీకే కట్టాలి, ఇది 2022లో వచ్చిన నిబంధన, కస్టమర్ కేర్‌లో ఈ మాట అంటే చాలు, "ఇంకో ఆఫర్ ఉంది సార్" అనే పాట ఆగిపోతుంది. మూసేసినట్టు వచ్చిన మెయిలూ, లోను ఎన్‌ఓసీ రెండూ దాచుకోండి. కారు లోను అయితే ఎన్‌ఓసీ తెచ్చుకుని ఊరుకోకుండా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు కూడా తీయించండి. ఏడాదికోసారి ఒక్కో క్రెడిట్ బ్యూరో రిపోర్టు ఉచితంగా ఇస్తుంది, సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తిప్పి తీసుకోవచ్చు. నాకు ఒక పర్సనల్ లోను పూర్తిగా కట్టేసిన ఏడు నెలల తర్వాత కూడా రిపోర్టులో నడుస్తున్నట్టే కనిపించింది, ఆ ఎన్‌ఓసీ మెయిల్ దాచుకోబట్టి రెండు వారాల్లో సరిచేయించుకున్నాను.